రెండు ఫ్రేములు

పుణె లా కాలేజీ రోడ్డులో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గేటు దాటి లోపలికి రండి. విజ్డమ్ ట్రీ అని అందరూ పిలిచే మామిడిచెట్టు కింద నలుగురు కుర్రాళ్లు ఒక స్క్రిప్టు మీద వాదులాడుకుంటున్నారు. వాళ్లని వాదించుకోనిద్దాం. ఈ ఆవరణ ఒకప్పుడు ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ వారి స్టూడియో. 1933లో కొల్హాపూర్ నుంచి ఇక్కడికి మకాం మార్చిన ఆ కంపెనీ మూతపడ్డాక, 1960లో కేంద్ర ప్రభుత్వం ఈ చోటనే సినిమా బడి పెట్టింది. టెలివిజన్ విభాగం 1974లో ఢిల్లీ నుంచి వచ్చి చేరింది. చూడాలంటే చాలా ఉంది గానీ, మన పని ఎడిటింగ్ గదిలో.

తలుపు మూసుకోగానే పగలు పోయింది. ఏసీ చలి. రెండు మానిటర్లు, స్పీకర్లు, మూత తీసి మర్చిపోయిన నీళ్ల సీసా. కుర్చీలో శాలువా కప్పుకుని ఖమ్మం అమ్మాయి. బీటెక్ చదివి వచ్చింది. ఇక్కడ చేరడానికి డిగ్రీ ఏదైనా సరే, ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. సినిమా ఎడిటింగ్ అయితే మూడేళ్లు, టీవీ వైపు అయితే ఒక ఏడాది. ఈ అమ్మాయిది మూడేళ్ల కోర్సు, ఆఖరి సంవత్సరం. తోటి విద్యార్థి తీసిన డిప్లొమా సినిమా రషెస్, అంటే ఇంకా కూర్చని ముడి షాట్లు, ఇప్పుడు తన ముందున్నాయి.

మొదటి పని సింక్. బొమ్మ ఒక ఫైలు, శబ్దం ఒక ఫైలు. క్లాప్ బోర్డు చెక్కలు రెండూ సరిగ్గా కలిసిన ఫ్రేము దగ్గర బొమ్మని ఆపుతుంది. సౌండ్ ట్రాక్‌లో నిట్టనిలువుగా లేచిన గీతను తెచ్చి దాని కింద పెడుతుంది. ఇలా ప్రతి షాటుకీ, ప్రతి టేకుకీ. గంటలు పడుతుంది. విసుగు పనే, కానీ ఈలోగా రషెస్ మొత్తం కళ్లలో నిలిచిపోతాయి.

ఇక సీను చూడండి. మరాఠీ ఇల్లు. తండ్రి నేల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. కూతురు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, వెళ్తున్నానని చెబుతుంది. తండ్రి తలెత్తడు. అంతే సీను. మూడో టేకులో కూతురు మాట పూర్తయ్యాక ఆయన చెయ్యి ఆగింది. అయిదో టేకులో ఆమె నోరు తెరవకముందే ఆగింది. కాగితం మీద ఓకే టేక్ మూడోది. అమ్మాయి అయిదోది తీసింది.

ముందే ఆగిందంటే ఆయనకి సంగతి తెలుసన్నమాట. ఎన్నాళ్లుగానో తెలుసు. స్క్రిప్టులో ఈ ముక్క లేదు, తీసినవాళ్లకీ తట్టలేదు.

ఇప్పుడు కట్ ఎక్కడ? అమ్మాయి టైమ్‌లైన్‌ని వెనక్కి లాగి వదిలింది. కాయ చిట్లిన చప్పుడు, చెయ్యి ఆగడం, కట్, కూతురి ముఖం. మళ్లీ వెనక్కి. ఈసారి కట్ రెండు ఫ్రేములు ముందే పడేలా జరిపింది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి రెండంటే సెకనులో పన్నెండో వంతు. చూడండి, తేడా తెలిసిపోతోంది: చెయ్యి ఇంకా పూర్తిగా ఆగకుండానే కూతురు వచ్చేసింది, ఆయన మనసులోకి తొంగిచూసే వ్యవధి పోయింది. మళ్లీ పాత చోటికే జరిపింది. తర్వాత చిన్న కిటుకు: బొమ్మ కూతురి మీదకి వెళ్లాక కూడా కాయ ఒలిచే చప్పుడు ఇంకొక్కటి కింద వినపడనిచ్చింది. తండ్రి తెర మీద లేడు, గదిలో ఉన్నాడు.

ఫిల్ము రీళ్లు తిప్పి చూసే స్టీన్‌బెక్ టేబుల్ మీద నేర్చుకున్న తరానికి ఈ రెండు ఫ్రేములు చేతికి తగిలేవి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, అంటే రెండు ఫ్రేములు ఒకటిన్నర అంగుళం ముక్క. కత్తిరించి పక్కన పడేశాక మళ్లీ కావాలంటే నేలంతా వెతుక్కోవాలి. అందుకే కత్తెర పెట్టేముందు నాలుగుసార్లు ఆలోచించేవారు. ఇప్పుడు మీట నొక్కితే వెనక్కి వస్తుంది. ఆ సుఖంలోనే ఒక ప్రమాదం ఉంది: నిర్ణయం రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతూ పోతుంది. మేష్టారు వచ్చి అడిగేది ఒకటే ప్రశ్న, ‘ఎందుకు ఇక్కడే?’ ‘బాగుందనిపించింది’ అంటే ఒప్పుకోరు.

ఇదంతా బడిలో నేర్చుకోవాల్సిందేనా అని మనవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు సినిమాలో పాతతరం ఎడిటర్లు ఎక్కువమంది మద్రాసు ఎడిటింగ్ గదుల్లో అసిస్టెంట్లుగా రాటుదేలినవాళ్లే. శ్రీకర్ ప్రసాద్ చదివింది సాహిత్యం. ఎడిటింగ్ నేర్చుకున్నది తండ్రి అక్కినేని సంజీవి దగ్గర, ఆయన తెలుగు సినిమాలు కూరుస్తుంటే. తర్వాత ఎన్నో భాషల్లో పనిచేసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నారు. మరోపక్క రేణు సలూజా ఈ పుణె బడి విద్యార్థినే. దర్శకత్వంలో సీటు రాక ఎడిటింగ్‌లో చేరారు. ‘జానే భీ దో యారో’, ‘పరిందా’ ఆవిడ చేతిమీదుగా వచ్చినవే. రాజ్‌కుమార్ హిరానీ కూడా ఇక్కడ ఎడిటింగ్ చదివినవాడే. అసిస్టెంటుకి పని అబ్బుతుంది, సందేహం లేదు. కానీ విడుదల తేదీ నెత్తిమీద ఉన్న గదిలో ఒకే సీనుని అయిదు రకాలుగా పాడుచేసి చూసే తీరిక ఎవరిస్తారు? నా లెక్కలో ఈ మూడేళ్ల ఫీజు ఆ తీరికకే.

అటు టీవీ స్టూడియోలో ఆ తీరిక కూడా లేదు. కంట్రోల్ రూమ్‌లోకి తొంగి చూడండి: మూడు కెమెరాల బొమ్మలు ఒక్కసారే ఎదురుగా, స్విచ్చర్ మీద ఒక కుర్రాడి వేళ్లు. ‘రెండు రెడీ... టేక్!’ నొక్కాడు. అర క్షణం ఆలస్యం, మాట్లాడేవాడి మొదటి మాట మూడో మనిషి ముఖం మీద పడిపోయింది. వెనక్కి తిప్పే మీట లేదు. టీవీ లెక్కే వేరు, మన దగ్గర సెకనుకి 25 ఫ్రేములు. 24 మీద తీసిన సినిమాని 25 మీద నడిపిస్తే రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. ఏ కత్తెరా పడకుండానే!

మళ్లీ మన గదికి వద్దాం. ఈ సినిమా తీసిన డైరెక్టరు వచ్చాడు. గుంటూరు అబ్బాయి, వయసులో నాలుగేళ్లు పెద్ద. కూతురు వెళ్లిపోయాక వరండా పొడవునా సాగే ట్రాలీ షాట్ దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

“అన్నా, ఈ షాట్ తీసేద్దామన్నా.”

“అదేంటమ్మా! రాత్రంతా పట్టాలు పరిచి, తెల్లారేదాకా తీశాం.”

“నేను షూటింగ్‌కు రాలే కదన్నా. నాకు పట్టాలు కనపడ్తలేవు. ఆమె పోతున్నది, అంతే కనపడ్తున్నది. అది ముందు షాట్‌లనే తెలిసిపోయింది.”

చాలామంది ఎడిటర్లు షూటింగ్ వైపు వెళ్లకపోవడం ఇందుకే. ఎండలో ఎవరు నిలబడ్డారో, ఏ షాటుకి ఎంత ఖర్చయిందో తెలిస్తే చెయ్యి ఆడదు. డైరెక్టరు వాదించకుండా రెండు రకాలుగానూ చూపించమన్నాడు. ట్రాలీతో ఒకసారి. లేకుండా ఒకసారి. లేకుండా ఇంకోసారి. గడ్డం గీక్కున్నాడు.

“సరే, ట్రాలీ వద్దు. చివర మూడు సెకన్లు మాత్రం ఉంచు, ఆమె గేటు మీద చెయ్యేసేది.”

“మూడు ఎక్కువైతదన్నా. రెండు.”

“రెండున్నర.”

తలుపు కొంచెం తెరుచుకుంది. సౌండ్ చదివే మలయాళీ కుర్రాడు తల లోపలికి పెట్టి, పిక్చర్ లాక్ అయిందా, అంటే ఇక కట్‌లు మారవు కదా, పని మొదలుపెట్టుకోవచ్చా అని హిందీలో అడిగాడు.

ఇద్దరూ ఒకేసారి, “లేదు.”