చాటింపే సభకు ప్రాణం

గ్రామసభ అనగానే తీర్మానం గురించే వాదించుకుంటాం. సభ ఉందన్న సంగతి ఊరికి ఎప్పుడు, ఎలా తెలిసిందని అడిగేవాళ్లు తక్కువ. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం చరిత్ర చూస్తే ముందు అడగాల్సింది అదే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది మన పంచాయతీరాజ్ చట్టం ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ గ్రామసభ సభ్యులను చేసింది. ఏప్రిల్ 14, అక్టోబర్ 3 తేదీల్లో సభ తప్పనిసరి అన్నారు. సభ పిలవని సర్పంచి పదవికే ఎసరు పెట్టారు. పిలుపును ఒకరి దయకు వదలకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

పరిశ్రమల విషయంలో ఈ పిలుపు విలువ ఇంకా పెద్దది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, పత్రికలు అందని చోట దండోరా వేయించాలి. అదే నోటిఫికేషన్ కోరం అక్కర్లేదంటుంది. పిడికెడు మంది వచ్చినా సభ సభే కాబట్టి, ఊరికి ప్రకటనే రక్ష. సోంపేటలో జనం వచ్చి థర్మల్ కేంద్రం వద్దన్నా అనుమతి వచ్చింది కదా, ఇక పిలుపుతో ఏం లాభం అని అడగవచ్చు. సభలో నమోదైన అభ్యంతరమే తర్వాత అప్పీలుకు బలం. అక్కడి చిత్తడి నేల అయిన బీల నీటితో పొలాలు పండుతాయని, చేపలవేట సాగుతుందని చుట్టుపక్కల ఊళ్లకే తెలుసు, ఆ సంగతి సభలోనే నమోదు కావాలి. థర్మల్ కేంద్రానికి ఇచ్చిన ఆ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ 2010 జూలై 14న రద్దు చేసింది. అదే రోజు నిరసనకారులపై పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గరి కాకరాపల్లిలోనూ థర్మల్ కేంద్రం గొడవలోనే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఊరి మాటను నిర్ణయానికి ముందే వినకపోతే, ఆ మాట రోడ్డు మీదికి వస్తుంది.

ఇప్పుడు వాట్సాప్‌లో పెడితే చాలదా అంటారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పగలంతా పనిచేసే ఆడవాళ్లకు, వేకువనే వేటకు వెళ్లే మత్స్యకారులకు, పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లినవాళ్లకు ఒకే దారిలో కబురు చేరదు. ఫోన్ ఉండాలి, నోటీసు బోర్డు ఉండాలి, వీధి వీధికీ చాటింపూ ఉండాలి. పిలిచినా రారన్న మాటలో కొంత నిజముంది, కానీ అందరూ పనిలో ఉండే వేళకు పిలిచి రాలేదనడం న్యాయం కాదు. 2013 భూసేకరణ చట్టం కూడా స్థానిక భాషలో ప్రకటన వేయాలనీ, ప్రత్యేకంగా గ్రామసభ పిలిచి వివరించాలనీ చెబుతోంది. కాబట్టి ఈసారి సభకు వెళితే రిజిస్టర్‌లో సంతకం పెట్టే ముందు ఒక్కటి అడగండి: చాటింపు ఏ రోజు, ఏ వీధుల్లో వేశారు? జవాబును మినిట్స్‌లో రాయించండి.