చందా పుస్తకంలో రాయనివి

పోయిన దసరాకు హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురా నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బస్తీ పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పిస్తుంటాడు. "అన్నా, అమెరికాల మనోళ్లు ఎవరికెంత ఉందో జర ఆరా తీసి లిస్టు పంపు. వాళ్లనే అడుగుతం" అన్నాడు. నా ఉద్యోగమూ అదే. ఇక్కడ అమెరికాలో ఒక ఆసుపత్రికి విరాళం ఇవ్వగలిగినవాళ్లు ఎవరో వెతికిపెడతాను. అయినా వాడికి లిస్టు పంపలేదు. ఎందుకో చెప్పాలంటే ఈ దేశం కథ కొంత చెప్పాలి.

ఇక్కడ చాలాచోట్ల ఎవరి ఇల్లు ఎంత విలువ చేస్తుందో కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. దేశస్థాయి ఎన్నికల్లో ఒక అభ్యర్థికి 200 డాలర్లు దాటి ఇస్తే పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ బయటికొస్తాయి. 1924లో ఇంకా ముందుకెళ్లి, ఎవరెంత ఆదాయపు పన్ను కట్టారో అందరికీ తెలియాలని చట్టం చేశారు. ఆ అక్టోబరులో పత్రికలు పేర్లూ అంకెలూ అచ్చేశాయి. 1926లో ఆ నిబంధన తీసేశారు. 1934లో మళ్లీ తెచ్చారు. రిటర్నుతోపాటు ఆదాయం వివరాలు రాసిన గులాబీ రంగు కాగితం ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చూడొచ్చు. అప్పటికి రెండేళ్ల కిందటే పేరుమోసిన విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకెళ్లి చంపారు. ఈ కాగితాలు అలాంటి దొంగలకు దారి చూపిస్తాయని జనం తిరగబడ్డారు. 1935లో, అమలుకు రాకముందే, అదీ రద్దయింది.

నాకు అంతకన్నా ముఖ్యమైనది అలబామా కేసు. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీని సభ్యుల పేర్లు ఇవ్వమని 1956లో ఆ రాష్ట్ర ప్రభుత్వం కోర్టు ద్వారా అడిగింది. సంఘం మిగతా కాగితాలు ఇచ్చింది, సామాన్య సభ్యుల పేర్లు మాత్రం ఇవ్వలేదు. లక్ష డాలర్ల జరిమానా పడినా ఇవ్వలేదు. పేరు బయటపడితే కూలి పోతుంది, ఒంటిమీద దెబ్బ పడుతుంది. 1958 జూన్ 30న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంఘం పక్షాన నిలిచింది. పాతబస్తీవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పేరూ ఇంటి నంబరూ ఉన్న కాగితం ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో, 1990 డిసెంబరు అల్లర్లు చూసినవాళ్లకు తెలుసు.

నేను మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక పెద్దావిడ ఫైలులో "భర్త జబ్బు ముదిరింది, వీలునామా సంగతి కదపవచ్చు" అని రాశాను. కొన్నాళ్లకు ఆవిడ వచ్చి తన గురించి ఏం రాసుకున్నారో చూపించమంది. చూపించాం. ఆ వాక్యం దగ్గర వేలు ఆపి, ఏమీ అనకుండా కాగితం మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత, మనిషి ఎదుట పైకి చదవలేని మాట ఏదీ నేను రాయలేదు.

మా చిన్నప్పుడు లాల్‌దర్వాజా బోనాలకు పెద్దమనుషులు చందా పుస్తకం పట్టుకుని గడపగడపా తిరిగేవాళ్లు. పోయినేడు ఎంత రాశారో చూసి, ఈసారి ఇంకో పది కలిపి అడిగేవాళ్లు. పుస్తకంలో పేరూ అంకే తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి దుకాణం మూతబడిందో వాళ్లకు తెలియక కాదు. తెలుసు గనకే ఆ గడప ఎక్కకుండా ముందుకు సాగేవాళ్లు. వాళ్ల ఆరా అంతా ఎవరిని అడగకూడదో తెలుసుకోవడానికే పనికొచ్చేది. ఇక్కడ జీతం తీసుకుని నేను చేసే పని వాళ్లు అంతకన్నా మర్యాదగా చేశారని నా నమ్మకం.

అందుకని తమ్ముడికి ఇట్లా చెప్పాను. ముందు మీ బడిలో చదివినవాళ్లను అడగండి. పేరు, ఫోను, ఇంతకుముందు ఏమిచ్చారు, ఎవరు పరిచయం చేశారు, అంతే రాసుకోండి. పన్ను మినహాయింపు రసీదుకు పాన్ లాంటి గుర్తింపు నంబరు అడగక తప్పదు, దాన్ని తాళం వేసి దాచండి. విదేశాల్లో ఉన్నవాళ్లను పాస్‌పోర్టు ఏ దేశానిదో తప్పకుండా అడగండి. మన పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరులైపోయినవాళ్లు ఇస్తే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా లేకుండా అది తీసుకోకూడదు. ఇళ్లెన్ని, కార్లెన్ని, కొడుకు ఎక్కడున్నాడు అన్నవి వద్దు.

మొన్న వాడు పుస్తకం మొదటి పేజీ ఫొటో పంపాడు. పదకొండు పేర్లు, అందరూ ఆ బడిలో చదివినవాళ్లే. ఒక పేరు ఎదురుగా ఖాళీగా ఉంది. ఏమైందని ఫోన్ చేసి అడిగాను.

"వాళ్ల నాయన పోయి ఇంకా నెల కాలేదన్నా" అన్నాడు.