శిక్షల పుస్తకమును చూచెడివారెవరు?

నేరము చేసిన పిల్లవానిని కారాగారములో పెద్ద దొంగల సరసన ఉంచరాదన్న మాట నేడు మనకు వింతగా తోచదు. కాని అది మన దేశమంతటికి ఒకే చట్టముగా రూపొందుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో సగము మనకు తెలిసినదే: జైలు పోయి పాఠశాల వచ్చినది, పాఠశాల పోయి గృహము వచ్చినది. తక్కిన సగమును గూర్చి మనము అంతగా చెప్పుకొనలేదు. గోడల లోపల పిల్లవానికి ఏమి జరుగుచున్నదో చూచివచ్చు బాధ్యత ఎవరిది? వారు నిజముగా చూచినారా?

1850లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. పదేండ్లకు పదునెనిమిదేండ్లకు నడుమనున్న అనాథలను, పేద పిల్లలను, చిల్లర నేరములు చేసినవారిని వృత్తి పనివారి వద్ద కుదుర్చుట దాని ఉద్దేశము. దీనిని దయ అనవలెనో, చౌకగా పనివాండ్రను సమకూర్చుట అనవలెనో చెప్పుట కష్టము. రెండును కొంత కొంత నిజమే. 1876లో సంస్కరణ పాఠశాలల చట్టము, 1897లో దాని స్థానమున మరియొకటి వచ్చినవి. ఈ రెండవది పదునైదేండ్లు నిండని మగపిల్లలకు మాత్రమే వర్తించినది. జైలుకు మారుగా పిల్లవానిని పాఠశాలకు పంపినచో మూడేండ్లకు తక్కువ కాకుండ, ఏడేండ్లకు మించకుండ అక్కడ ఉంచవలెను. పెద్దవాడు కొద్ది నెలల జైలుతో బయటపడగల దొంగతనమునకు పిల్లవాడు కనీసము మూడేండ్లు ఇల్లు విడిచి ఉండవలసి వచ్చినదన్నమాట. బాగుచేయుట అన్న పేరున నిర్బంధము పెరుగుట ఆనాడే మొదలైనది.

అయినను ఆ చట్టములో మనము ఆగి చదువదగిన భాగమొకటి కలదు. రాత్రివేళ పిల్లలను వేరువేరుగా ఉంచు వసతి, మంచినీరు, తిండి, బట్ట, పరుపు, చేతిపని నేర్పు సాధనములు, జబ్బుపడినవారికి వేరు గది, ఇవి లేనిదే అది సంస్కరణ పాఠశాల కానేరదని అందున్నది. పాఠశాలకు సందర్శకుల సంఘమును నియమించినచోట ఆ సంఘములో ఒక్కరైనను నెలకొకసారి వచ్చి పిల్లల ఫిర్యాదులు వినవలెను. శిక్షల పుస్తకమును తెరచి చూడవలెను. చట్టవిరుద్ధముగా ఎవరినైనను పట్టి ఉంచినారేమో విచారింపవలెను. బెత్తపు దెబ్బలను ఒప్పుకొనిన కాలమున, ఆ దెబ్బలకు లెక్క ఉండవలెననియు, ఆ లెక్కను బయటివాడొకడు చదువవలెననియు భావించినవారు లోకము తెలిసినవారే. అయితే ఆ సందర్శకులు ప్రభుత్వము ఎంచుకొనినవారు. మదరాసు రాజధానిలో 1887లో చెంగల్పట్టున సంస్కరణ పాఠశాల వెలసినది. గంజాము నుండి నెల్లూరు వరకు గల తెలుగు జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. అంత దూరము పోయిన పిల్లవాడు దొరగారి ముందు నిలిచి, పక్కన సూపరింటెండెంటు ఉండగా, ఏమి ఫిర్యాదు చెప్పుకొనగలడు?

1919-20లో కార్డ్యూ అధ్యక్షతను భారత జైళ్ల సంఘము దేశమంతట విచారించి, పిల్లలకు వేరు న్యాయస్థానములు కావలెనని కోరినది. 1920లో మదరాసు బాలల చట్టము వచ్చినది. బెంగాలు, బొంబాయి తరువాత అనుసరించినవి. హైదరాబాదు రాష్ట్రమునకు 1951లో వేరు చట్టము వచ్చినది. అందువలన 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు పిల్లవాని విధి వాడు ఏ ప్రాంతమున పట్టుబడినాడన్న దానిపై ఆధారపడినది. 1960 నాటి కేంద్ర చట్టము కేంద్రపాలిత ప్రాంతములకే పరిమితము.

ఇన్ని చట్టములుండగా పిల్లలు జైళ్లలోనే ఉండిరి. ఎందరో చెప్పగలవారు లేరు. 1986లో షీలా బర్సే అను పాత్రికేయురాలు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, జిల్లాల న్యాయాధికారులు జైళ్లకు పోయి పదునారేండ్లలోపు పిల్లలెందరున్నారో తెలిసికొనవలెనని ఆదేశించినది. ముందు లెక్కింపుడని చెప్పవలసివచ్చుట ఎంతటి స్థితి! ఆ సంవత్సరమే దేశమునకు దాదాపు ఒకే బాలల న్యాయ చట్టము ఏర్పడి, 1987 అక్టోబరు 2న అమలులోనికి వచ్చినది. 2000 నాటి చట్టము మగపిల్లలకును ఆడపిల్లలకును పదునెనిమిదేండ్ల హద్దును ఒకటిగా చేసినది.

2015 నాటి చట్టము పర్యవేక్షణను మునుపెన్నడు లేనంతగా విస్తరింపజేసినది. బాలల న్యాయ మండలి నెలకొకసారి గృహములను చూడవలెను. మూడు నెలలకొకసారి ముగ్గురికి తగ్గని తనిఖీ బృందము రావలెను. అందొకరు స్త్రీ, ఒకరు వైద్యాధికారి. వారమురోజులలో నివేదిక పంపవలెను. కాగితముపై ఇంతకంటె కోరదగినది అంతగా లేదు.

అట్టి కాలముననే బీహారులోని ముజఫర్‌పూర్ బయటపడినది. అది నేరము చేసిన పిల్లల గృహము కాదు, రక్షణ కోరివచ్చిన బాలికలది. కాని తనిఖీ చట్టము ఒక్కటే. అది ప్రభుత్వ ధనముతో నడిచినది. టాటా సామాజిక శాస్త్ర సంస్థ వారు బీహారులో వందకు పైగా గృహములలో సామాజిక తనిఖీ చేసి, 2018లో ఇచ్చిన నివేదికలో అక్కడి అత్యాచారములను వెల్లడించిరి. సామాజిక తనిఖీ అను మాట ఉపాధి హామీ పనుల మూలమున తెలుగు పల్లెలకు పరిచితమైనదే. 2020 జనవరిలో ఢిల్లీ న్యాయస్థానము 19 మందిని దోషులుగా నిర్ణయించినది. వారిలో జిల్లా బాలల సంక్షేమ సమితి అధ్యక్షుడును, బాలల సంరక్షణాధికారియు కలరు. కాపలాకు పెట్టినవారే దోషులలో చేరినపుడు తనిఖీల సంఖ్య పెంచి ప్రయోజనమేమి? పిల్లలతో విడిగా మాట్లాడు తీరిక, ఆ జిల్లా అధికారులకు లోబడని స్వేచ్ఛ, ఈ రెండే అక్కడ పనికివచ్చినవని మా అభిప్రాయము. 2021లో జరిగిన సవరణ జిల్లా మేజిస్ట్రేటుకు మరింత అధికారమిచ్చినది. అది జవాబుదారీని ఒకచోటికి చేర్చినదనుట నిజమే. కాని ఆ అధికారియు ఆ జిల్లావాడే.

2016 నాటి నమూనా నియమములలో చిన్న నిబంధన ఒకటి కలదు. ప్రతి గృహములోను పిల్లల సూచనల పెట్టె ఉండవలెను. అది కార్యాలయమునకు దూరముగా, పిల్లలు పడుకొను గదులకు దగ్గరగా ఉండవలెను. దాని తాళపుచెవి నిర్వహణ సమితి అధ్యక్షుని వద్ద ఉండవలెను. వారమునకొకసారి పిల్లల సమితి సభ్యుల ఎదుట దానిని తెరువవలెను. 1897 నాటి శిక్షల పుస్తకమును వ్రాసినది పెద్దలు. ఈ పెట్టెలో చీటీ వేయునది పిల్లలు. వ్రాయ నేర్వని పిల్లవాని చీటీని వ్రాసిపెట్టువాడెవడో నియమములలో లేదు.