గుర్రాల వర్తకుడు చూసిన కొత్త రాయలు

శ్రీకృష్ణదేవరాయల మీద మనకున్న మక్కువలో వెయ్యో వంతైనా ఆయన తరువాత సింహాసనమెక్కిన తమ్ముడు అచ్యుతదేవరాయల మీద లేదు. అన్నగారు సమరాంగణ సార్వభౌముడు, తమ్ముడు పిరికివాడు, వ్యసనపరుడు. చాలాకాలం చరిత్ర పుస్తకాలు చెప్పిన మాట ఇదే. ఈ మాట మొదట ఎవరన్నారని వెదుకుతూ వెనక్కి వెళితే, గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చిన ఒక పోర్చుగీసు వర్తకుడి దగ్గర ఆగుతాం. అతని పేరు ఫెర్నావో న్యూనిజ్.

న్యూనిజ్ 1535-37 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. అతని వ్రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో చాలాకాలం మరుగున పడి ఉండి, 1897లో డేవిడ్ లోపెష్ చేతిమీదుగా అచ్చయింది. 1900లో రాబర్ట్ సీవెల్ దానిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ తరువాత వచ్చిన విజయనగర చరిత్రలన్నీ ఎంతో కొంత దానికి ఋణపడి ఉన్నవే.

ఈ వర్తకుడి వ్రాతలో మన పడమటి ప్రకాశం వైపు వారికి దగ్గరి సంగతి ఒకటి ఉంది. వెలిగండ్లకు దక్షిణాన, నెల్లూరు సీమలో ఉదయగిరి దుర్గం ఉంది కదా. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించాడని, కొండల్లో బండరాళ్ళు పగులగొట్టించి సేనలకు దారులు వేయించాడని న్యూనిజ్ వ్రాశాడు. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు రాయల వశమయ్యాయి. ఉదయగిరి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుని విగ్రహాన్ని హంపిలో ప్రతిష్ఠించారు. ఈ సీమ అప్పటిదాకా రెండు రాజ్యాల సరిహద్దు. అటువంటి చోట కొత్త రాజు ఎలాంటివాడన్నది వీధి అరుగు మీద పొద్దుపోని కబురు కాదు. రాజు బలహీనుడైతే మొదట తొక్కుడు పడేది సరిహద్దు పొలాలే.

కృష్ణరాయలు 1529 అక్టోబరు 17న మరణించాడని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళి శాసనం వల్ల తెలిసింది. కొడుకు పసివాడు. చంద్రగిరి కోటలో నిర్బంధంలో ఉన్న తమ్ముడు అచ్యుతుణ్ణి వారసుడిగా కృష్ణరాయలే నిర్ణయించాడని న్యూనిజ్ కథనం. కోటలో బందీగా పెరిగినవాడు, ఎన్నడూ సేనను నడపనివాడు ఒక్కసారిగా సామ్రాజ్యానికి ప్రభువయ్యాడు.

న్యూనిజ్ కంటే పదిహేనేళ్ళ ముందు వచ్చిన డొమింగో పేస్ కృష్ణరాయల్ని చూసి మురిసిపోయాడు. రాయల ఆగ్రహాన్ని దాచకుండానే న్యాయాన్ని మెచ్చుకున్నాడు. న్యూనిజ్ మనసులో కొత్త రాజును కొలవడానికి ఉన్న కొలబద్ద కూడా ఆ పాత రాజే అయి ఉంటాడు. విజయనగర ప్రభువు ఏటా పదమూడు వేల గుర్రాలు కొంటాడని వ్రాసినవాడతడు. పూర్వం సాళువ నరసింహుడు ఓడలో చచ్చిన గుర్రానికి సైతం, తోక తెచ్చి చూపిస్తే ధర చెల్లించేవాడట! అటువంటి కొనుగోలుదారుల గద్దె మీద గట్టివాడు ఉండాలని వర్తకుడు కోరుకోవడంలో వింత లేదు.

అచ్యుతుడు ఆ ఆశను తీర్చలేదు. కొత్త రాజు వ్యసనాలకు, దౌర్జన్యానికి లోబడ్డాడని, ఇద్దరు బావమరదులు ఆడించినట్టల్లా ఆడుతున్నాడని, సామంతులకూ ప్రజలకూ అతనంటే గిట్టడం లేదని న్యూనిజ్ నిర్మొహమాటంగా వ్రాశాడు. బిజాపురు సుల్తాను రాజధాని పక్కనున్న నాగలాపురం దాకా వచ్చి పాడుచేస్తే, ఎదిరించకుండా పది లక్షల వరహాలూ రాయచూరూ ఇచ్చి సంధి చేసుకున్నాడని నిష్ఠూరమాడాడు.

ఆస్థానం వారు చెప్పింది వేరు. రాజనాథ డిండిముని ‘అచ్యుతరాయాభ్యుదయం’ లో ఇదే రాజు దక్షిణ దిగ్విజయం చేసి, రాయచూరు మీదికి దండెత్తి గెలిచిన వీరుడు. తిరుమలాంబ ‘వరదాంబికా పరిణయ చంపువు’ లో నవమన్మథుడు. కావ్యాలు కావ్యాలే అనుకుందాం. కానీ తిరువడి రాజ్యం మీద దండయాత్ర నిజంగా జరిగింది. రాయలు శ్రీరంగంలో ఆగితే సేనలను నడిపినది సలకరాజు తిరుమల, అంటే న్యూనిజ్ ఈసడించుకున్న బావమరదే. నేలటూరి వెంకటరమణయ్యగారు 1935లో ప్రచురించిన గ్రంథంలో శాసనాలనూ కావ్యాలనూ కలిపి చదివి, అచ్యుతరాయల మీద పడిన మచ్చను చాలావరకు తుడిచారు.

అయితే న్యూనిజ్ తప్పేనా? 1542లో అచ్యుతుడు పోయాడు. అతని కొడుకు వెంకటపతిని మేనమామ సలకరాజు తిరుమలే చంపి గద్దెనెక్కాడు. బిజాపురు సుల్తానును సాయానికి పిలిచాడని ఫెరిష్తా వ్రాశాడు. అళియ రామరాయలు అతణ్ణి కూల్చి సదాశివరాయలను నిలబెట్టేసరికి అధికారం రాజు చేయి దాటిపోయింది. రాజు గుణం విషయంలో వర్తకుడు తొందరపడ్డాడు గాని, ప్రమాదం ఏ గుమ్మంలో నుంచి వస్తుందో సరిగానే పసిగట్టాడు. బావమరదుల సంగతి ఆస్థానకవి వ్రాయలేడు, పరాయివాడు వ్రాయగలడు. వాడికి అగ్రహారం అక్కరలేదు.

ఇంకొక్క సంగతి. నేలంతా రాజుది, అది నాయకుల చేతిలో ఉంటుంది, రైతు మాత్రం పండినదాంట్లో పదింట తొమ్మిది పాళ్ళు దొరకు చెల్లిస్తాడు, అతనికంటూ సొంత భూమి లేదు అని న్యూనిజ్ వ్రాశాడు. లెక్కలో కొంత అతిశయం ఉంటే ఉండవచ్చు. కానీ దిగ్విజయాలు పాడిన కావ్యాలలో ఈ రైతు కోసం వెదికితే నాకు దొరకలేదు. వానకోసం ఆకాశం వైపు చూసే మా మెట్టసీమ వాణ్ణి కనుక, అచ్యుతరాయల విషయంలో న్యూనిజ్ మాటను సందేహించినా, ఈ ఒక్క వాక్యం దగ్గర అతణ్ణి తోసిపుచ్చలేకపోతున్నాను.