గోదావరి జలమార్గం ఎవరి కోసం?

గోదావరి మీద పడవల రవాణా అనగానే ధవళేశ్వరం, డెల్టా కాలువలే మనకు గుర్తుకు వస్తాయి. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల అంచున సాగిన మరొక ప్రయత్నాన్ని మనం అంతగా పట్టించుకోలేదు.

మాంచెస్టరు మిల్లులకు పత్తి కావలసి వచ్చింది. వార్ధా లోయ పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ వాదించాడు. 1860 సంధితో నిజాం ఎడమగట్టున సిరోంచ ప్రాంతాన్ని బ్రిటిషువారికి వదులుకున్నాడు. నదిపై సుంకాలూ రద్దయినాయి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై పత్తి కరువు రావడంతో ఆత్రం హెచ్చింది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి వద్ద నదికి అడ్డుపడిన రాతిబండలను దాటించడానికి లాకులు, కాలువలు తలపెట్టారు. ఆ జ్వరాల అడవిలో చెమటోడ్చినవారు కూలీలు.

1867లో రైలు నాగపూరు చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పనులు నిలిపివేశారు. గట్టుమీది రైతుకు, గోండుకు పడవదారి అవసరమా అన్న ప్రశ్న ఆ లెక్కల్లో లేనేలేదు. అడవి టేకు మాత్రం తెప్పలై దిగువకు పోయింది.

2016 చట్టం భద్రాచలం నుంచి నాసిక్ దాకా గోదావరిని జాతీయ జలమార్గంలో చేర్చింది. ఎవరి సరుకు, ఎవరి లాభం అని ఈసారైనా ముందుగా అడగవలసి వున్నది.