చెవికి చేరని ఇంగ్లీషు

మన చిత్తూరు సీమలో సెలవు పుచ్చుకొనువాడు "వెళ్లివచ్చెదను" అనును. "పోయెదను" అనుట అశుభము. ఈ మాటనే ఇంగ్లీషులోనికి మార్చి "ఐ విల్ గో అండ్ కమ్" అని దొరతో చెప్పినచో, ఆతడు మరల వచ్చునని పాపము దొర కాచుకొని కూర్చుండును. అట్లే "హౌ డు యు డు" అని దొర పలుకరించినపుడు మనవాడు తన కీళ్లనొప్పులు ఏకరువు పెట్టిన, దొర తెల్లబోవును. పదములన్నియు తెలిసియు మాట తెలియకపోవుట యనగా నిదియే.

తెలుగున మర్యాద క్రియలోనే యున్నది. రమ్ము, రండు, దయచేయుడు అను భేదము పసిబిడ్డకును తెలియును. ఇంగ్లీషున బంటునకును ప్రభువునకును "యు" ఒక్కటియే. అచ్చట గౌరవము "ప్లీజ్", "కుడ్ యు" వంటి పలుకులలోను, అంతకంటె మిక్కిలిగా గొంతు ఎత్తుటలోను దించుటలోను దాగియుండును. అచ్చక్షరములకు గొంతు లేదు. కనుకనే సవినయముగ అడుగబోయిన మనవాని మాట ఆజ్ఞవలె వినబడి, కచేరీలో పని చెడును. తప్పు ఆతనిది కాదు, ఆతడు చదివిన చదువుది.

1835లో బెంటింకు ప్రభువు కాలమున ఇంగ్లీషు చదువునకు సర్కారు పూనుకొనెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను. పరీక్షలు ప్రధానముగా వ్రాతవి. కావున బోధనయు వ్యాకరణము, తర్జుమా, కంఠస్థము అను మూటితో ముగిసెను. ఇందొక వింత కలదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు సంభాషణల పుస్తకమును ప్రకటించెను. దాని రెండవ కూర్పు 1853 నాటిది. తెలుగు నేర్చు దొరలకు మాటలాడు తీరు కావలెనని ఆయన యెరిగెను. ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకు మాత్రము చాలకాలము పద్యముల ప్రతిపదార్థమే దక్కినది!

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో పాఠశాలల తనిఖీకి వచ్చిన ఏట్సు దొర, భాషను తర్జుమాతో గాక నేరుగా మాటలతోనే నేర్పవలెనని పట్టుపట్టెను. గిడుగు, గురజాడవారల వాడుకభాషా ప్రయత్నమునకును ఆయన ఊతమయ్యెను.

చెవితో నేర్చుటకు మనకు దగ్గరి నిదర్శనము మదనపల్లె. అచ్చటి దివ్యజ్ఞాన కళాశాల 1915లో ఏర్పడెను. ఐర్లండు దేశీయుడగు జేమ్స్ కజిన్స్ అచ్చట అధ్యక్షుడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు అచ్చట బసచేసి ఒకనాటి సాయంకాలము "జనగణమన" పాడగా, వంగభాష రానివారును పల్లవిలో గొంతు కలిపిరి. మార్గరెట్ కజిన్స్ స్వరములు వ్రాసికొనెను. కవి స్వయముగా ఆ గీతమును ఇంగ్లీషు చేసినదియు అచ్చటనే. ముందు చెవి, పిదప నోరు, ఆ తరువాతనే కాగితము. తల్లి యొడిలో మనమందరము నేర్చిన వరుసయు ఇదియే గదా!

1958లో హైదరాబాదున ఇంగ్లీషు బోధనకై కేంద్ర సంస్థ వెలసినది; అది 2007లో విశ్వవిద్యాలయమైనది. ఇటీవలి పాఠ్యపుస్తకములలో "వినుటకు" అని ప్రత్యేక పాఠములు చేరినవి. గురువు చదువగా పిల్లలు పుస్తకము మూసి వినవలెను. ఎవరు ఎవరితో ఏ యుద్దేశమున పలికిరో చెప్పవలెను. ఏర్పాటు మంచిదే. కాని వ్రాతపరీక్షలో అడుగని భాగమును దాటిపోవు అలవాటు మన బడులలో పాతది. పైగా సంభాషణలో ఇరువురి పలుకులను గురువు ఒకే గొంతుతో చదివిన, వేడికోలేదో కోపమేదో బాలుడెట్లు పోల్చును?

మీ మనుమడు ఇంగ్లీషు పుస్తకము తెరచినపుడు అట్టి పాఠములు కలవేమో చూడుడు. ఉన్నయెడల, వానిని బడిలో ఎవరైన చదివి వినిపించిరా యని అడుగుడు.