దేవుని దగ్గర చేబదులు

మా నాన్న పల్లె పంతులు. డోర్నకల్ బిషప్ కింది అధ్యక్ష ఖండంలో పంతులంటే పొద్దున పిల్లలకు ఓనమాలు దిద్దించాలి, చీకటి పడ్డాక గంట కొట్టి వాడనంతా ప్రార్థనకు పిలవాలి, మధ్యలో ఎవరి అర్జీ వాళ్లకు రాసిపెట్టాలి. జీతం పేరుకే. మిగతాది బియ్యం. వారానికోసారి ఇంటికొచ్చే ఆ బియ్యాన్ని అమ్మ చాటలో పోసుకుని, గింజను చూసి ఇల్లు చెప్పేది. దొడ్డువి ఒకరివి, సన్నవి ఒకరివి, నూకలు ఇంకొకరివి, ఎర్రపొర పోని దంపుడు బియ్యం మరొకరివి. నలభై ఇళ్ల బియ్యం ఒకే కుండలో వేస్తే ఒక్కతీరుగా ఉడకవు. కొన్ని మెత్తబడేసరికి కొన్ని పలుకు మీదే ఉంటాయి. ఆ అన్నం తిని పెరిగినదాన్ని గనక ఆ పిడికెడు బియ్యం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

పద్ధతి చాలా చిన్నది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలుచుకుని, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి, మూలనున్న బుర్రకుండలో వెయ్యాలి. పురుగు పట్టకుండా కుండలో ఎండిన వేపాకు. ఆదివారం నాడు దాన్ని కొంగున కట్టుకుని గుడికి పోయి, బల్ల ముందున్న గంపలో గుమ్మరించాలి. ఆరాధన అయ్యాక పెద్దలు మానికతో కొలిచి కొన్నిసార్లు పంతులుకు ఇచ్చేవారు, కొన్నిసార్లు పాట పెట్టేవారు. చిన్నప్పుడు నాకు ఇదో తికమక: గుడిలో పాడేదీ పాటే, గుడి ముందు బియ్యం అమ్మేదీ పాటే.

ఇదేదో మా ఒక్కరి ఆచారం కాదు. మిజోరంలో స్త్రీలు 1910 నుంచీ వండేముందు పిడికెడు తీసి సంఘానికి ఇస్తున్నారు. మన హరిదాసు ధనుర్మాసంలో తల మీద అక్షయపాత్రతో గడప గడపకూ వచ్చి తీసుకునేదీ బియ్యమే. అయితే ఊరు అంటరానిదన్న మా వాడకు హరిదాసు రాలేదు. మా చేతి గింజ ఏ హిందూ గుడిలోనూ చెల్లలేదు. ఈ సంగతి మరిచిపోతే పిడికెడు బియ్యం కథ సగమే అర్థమవుతుంది.

డోర్నకల్ బిషప్ అజరయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన నాడార్ కులస్థుడు. ఆయన పూర్వీకులకూ గుడి తలుపులు మూసే ఉండేవి. అక్కడి క్రైస్తవులు 1903లో సొంత చందాలతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పనికి ఎంచుకున్నారు. భాష వేరు, తిండి వేరు. 1909లో గురువుగా అభిషేకం పొంది అజరయ్య ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సభలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన పట్టుదల ఒక్కటి: బీద సంఘమైనా తన పంతులును తానే పోషించుకోవాలి. 1930ల నడిమికి ఆ అధ్యక్ష ఖండంలో పల్లె పంతుళ్లే రెండు వేలకు పైగా ఉన్నారు. అంతమందికి సీమ నుంచి వచ్చే డబ్బు సరిపోదు, సరిపోయినా ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి గుడ్లు, కోడిపిల్లలు, గుమ్మడికాయలు, కోత పండుగకు తొలి వెన్నులు, ఏడాది పొడుగునా ఈ పిడికెడు.

బియ్యం అంటున్నాను గానీ మా నాయనమ్మ కాలంలో అది జొన్నలు. మెట్ట ప్రాంతపు కూలి ఇళ్లలో వరి అన్నం పండుగనాటి మాట. కూలి కూడా గింజలుగానే వచ్చేది. ఒడిలో తెచ్చుకున్న జొన్నల్లోంచి ముందు పిడికెడు పక్కకు, తర్వాత విసుర్రాయి. ఇంట్లో తినే నోళ్లు ఎన్నని అడిగితే నాయనమ్మ ఒకటి కలిపి చెప్పేది. ఏడుగురు ఉంటే ఎనిమిది. ఆ ఎనిమిదోవాడు మాట్లాడడు, కంచం ముందుకు రాడు, ఆకలని అడగడు. అయినా లెక్కలో ఉంటాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. కొన్ని రోజులు ఇంట్లో గింజ ఉండేది కాదు. అప్పుడు నాయనమ్మ దేవుని కుండ మూత తీసేది. పిల్లలకు సరిపడా తీసుకుని, పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, పిడికెడుకో గీత. పని దొరికాక ఒక్కో పిడికెడు తిరిగి పోసి, ఒక్కో గీత తుడిచేది. "తప్పు కాదా?" అని ఒకసారి అడిగాను. "పక్కింటోళ్ల కాడ బదులు తెచ్చుకుంటే తప్పా బిడ్డా? ఆయన మనింట్లనే ఉండె గద" అంది.

సంఘ చరిత్రలు ఇచ్చిన లెక్కలే రాస్తాయి. ఎన్ని మానికలు, ఎన్ని రూపాయలు, ఎందరికి బాప్తిస్మం. బదులు తీసుకున్న లెక్క ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. నాకైతే అదే పెద్ద సాక్ష్యం. భయపడే దేవుని హుండీలో ఎవరూ చెయ్యి పెట్టరు. పెట్టినా గోడ మీద రాసుకోరు. బైబిలులోని సారెపతు విధవరాలి తరగని పిండి తొట్టి గురించి మా నాన్న ఎన్నిసార్లు ప్రసంగం చేసినా, నాయనమ్మ మాత్రం తొట్టి ఖాళీ అయ్యే రోజులుంటాయని తెలిసిన మనిషి.

డోర్నకల్ కథీడ్రల్ చూసినవాళ్లకు తెలుసు: మసీదు మీనార్లు, గుమ్మటాలు, గుడి మంటపంలాంటి రాతి స్తంభాలు. ఏళ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. గొప్ప కట్టడమే, కాదనను. కానీ ఆ కాలపు విశ్వాసం ఎలా బతికిందని నన్నడిగితే నేను చూపించేది బుర్రకుండనే.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మావైపు పల్లెల్లో జొన్న కూడు వెనక్కి పోయింది. సంఘాల్లోనూ జీతాలు, కానుకల కవర్లు, రసీదులు వచ్చాయి. ఇప్పుడు బల్ల పక్కనే ఫోన్‌తో స్కాన్ చేసే కాగితం అంటించి ఉంటుంది. నాకు కోపమేమీ లేదు. మెతుకు మీద మెతుకు పలుకుగా ఉండే అన్నం మళ్లీ తినమంటే నేనూ తినను.

స్లాబు ఇల్లు కట్టడానికి తమ్ముడు పాత మట్టిగోడ పడగొట్టించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. సున్నం పెచ్చుల కింద నాలుగు గీతలు కనిపించాయి. ఫోటో తియ్యాలని తోచేలోపు గడ్డపార పడింది. నాన్న ధాన్యం లెక్కల నోటుబుక్కు ఒకటి మాత్రం నా దగ్గరుంది, ఇంటిపేర్లు, ఎదురుగా మానికలు, సోలలు. మీ సంఘంలో, మీ అటక మీద అలాంటి పుస్తకాలుంటే పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకండి. చెద పట్టకముందే ఒకసారి తెరిచి, అమ్మమ్మల పేర్లు చదవండి.